హెన్రీ ఫోర్డు - రెండు కార్లు

మహాశిల్పిని అతడు చెక్కిన శిల్పాలే పరిచయం చేస్తాయి. అమెరికా పారిశ్రామికవేత్త హెన్రీ ఫోర్డును పరిచయం చేసేవి రెండు కార్లు: మోడల్ టి, మోడల్ ఎ. మొదటిది ఆయన పట్టుదలకు ఫలం. రెండవది ఆ పట్టుదలను విడువక తప్పనినాటి ఫలం.

ఫోర్డు 1863 జూలై 30న మిచిగాన్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో జన్మించాడు. సేద్యంకంటె యంత్రాలపైనే ఆయనకు మక్కువ మెండు. 16వ ఏట డెట్రాయిట్ నగరం చేరి యంత్రశాలలో పని నేర్చాడు. ఎడిసన్ విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా ఉంటూనే 1896లో తొలి మోటారు బండిని నిర్మించాడు. మొదట పాల్గొన్న కంపెనీ మూతపడింది. రెండవదాని నుండి వైదొలగవలసి వచ్చింది. అయినా అధైర్యపడక 1903లో ఫోర్డు మోటార్ కంపెనీని నెలకొల్పాడు.

నాడు కారు ధనికుల విలాసవస్తువు. 1908లో వెలువడిన మోడల్ టి దానిని సామాన్యుని ముంగిటికి తెచ్చింది. దాని శక్తి 20 అశ్వశక్తులే. వేగం గంటకు సుమారు 40 మైళ్లు. తొలినాళ్లలో ఇంజనును చేతితో తిప్పి నడిపించవలసి ఉండేది. కాని ఎత్తైన నిర్మాణం వల్ల పల్లెల బురదదారులలోనూ సాగిపోయేది. 1913లో, పని మనిషి వద్దకే కదలివచ్చే కూర్పువరుసను ఫోర్డు ప్రవేశపెట్టాడు. పన్నెండున్నర గంటలు పట్టే చాసిస్ కూర్పు గంటన్నరకు తగ్గింది. 850 డాలర్ల కారు 1925 నాటికి 260 డాలర్లకే లభించింది. 1914లో అర్హులైన కార్మికులకు 8 గంటల పనికి 5 డాలర్ల దినసరి ఆదాయాన్ని ప్రకటించి ఆయన లోకాన్ని ఆశ్చర్యపరిచాడు.

విజయమే ఆయనకు సంకెల అయింది. రోడ్లు బాగుపడ్డాయి, ప్రజల అభిరుచులు మారాయి, షెవర్లే పోటీకి వచ్చింది. కొత్త కారు అవసరమని కుమారుడు ఎడ్సెల్ చెప్పినా తండ్రి చాలాకాలం పెడచెవిని పెట్టాడు. చివరకు 1927 మే నెలలో, కోటి 50 లక్షలవ కారుతో, మోడల్ టి శకం ముగిసింది. కొత్త నమూనా సిద్ధంగా లేనందున కర్మాగారం నెలల తరబడి స్తంభించి, వేలాది కార్మికులు పని కోల్పోయారు. యజమాని మొండితనానికి మూల్యం చెల్లించినవారు వారే.

ఆ డిసెంబరులో మోడల్ ఎ వచ్చింది. 40 అశ్వశక్తులు, గంటకు సుమారు 65 మైళ్ల వేగం, నాలుగు చక్రాలకూ బ్రేకులు, ముందువైపు భద్రతా గాజు, పలు వర్ణాలు. దాని రూపసౌష్ఠవంలో ఎడ్సెల్ అభిరుచి కనిపిస్తుంది.

ఫోర్డు చరిత్రలో మాయని మచ్చ ఒకటున్నది. 1920 నుండి తన పత్రికలో యూదులపై విద్వేషాన్ని వెదజల్లాడు. 1927లోనే బహిరంగంగా క్షమాపణ చెప్పుకొన్నాడు. కారును మార్చవచ్చును గాని, వెదజల్లిన విషాన్ని వెనుకకు తీసుకొనుట సాధ్యమా?

1947 ఏప్రిల్ 7న, వరదల వల్ల విద్యుత్తు నిలిచిన ఇంట, దీపపు వెలుగులో ఆయన కన్నుమూశాడు. కారుగా మోడల్ ఎ మేలైనది; చరిత్రలో మోడల్ టి గొప్పది. సంకల్పబలాన్ని మొదటిదాని నుండి, ఇతరుల మాట వినవలసిన అవసరాన్ని రెండవదాని నుండి మన విద్యార్థులు గ్రహింతురు గాక.