చిత్తూరు హైస్కూలు విద్యార్థి: కట్టమంచి రామలింగారెడ్డి

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున మన కళాశాల ప్రకటన ఫలకం ముందు గుమిగూడే విద్యార్థులను చూచినప్పుడెల్లా ఒక ప్రశ్న మనస్సులో మెదలుతుంది. తరగతిలో మొదటివాడుగా నిలవడం గొప్ప విషయమే. అయితే ఆ మొదటి స్థానం ఎవరి కోసం? దానితో ఆ విద్యార్థి తరువాత ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు పుస్తకాలలో సమాధానం వెదకుకొనే బదులు, మన జిల్లా మట్టిలోనే పుట్టి, మన పట్టణపు పాఠశాలలోనే చదివి, దేశ విదేశాలలో కీర్తి గడించిన ఒక మహనీయుని జీవితాన్ని పరిశీలించడం మేలు. ఆ మహనీయుడే డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. సి.ఆర్.రెడ్డిగా లోకమెరిగిన ఆయన బాల్యాన్ని, విద్యార్థి దశను తలచుకొనడం మన వంటి విద్యార్థులకు ఎంతయో అవసరం.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన కట్టమంచి గ్రామంలో సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు జన్మించారు. కట్టమంచి నేడు చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఆనాడు అది చెరువు, పొలాలు, పాడిపశువులు గల పల్లె. చిత్తూరు అప్పటికి ప్రత్యేక జిల్లా కూడా కాదు, ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో.

ఆ కాలపు పల్లె పిల్లల చదువు వీధిబడిలో మొదలయ్యేది. అరుగు మీదనో, చెట్టు నీడనో పంతులుగారు కూర్చొనేవారు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్ది, పిమ్మట పలకా బలపం పట్టేవారు. పెద్దబాలశిక్ష, శతక పద్యాలు, ఎక్కాలు, చక్రవడ్డీ లెక్కలు, ఇవీ పాఠాలు. దసరా వచ్చిందంటే పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగి పాటలు పాడి పప్పుబెల్లాలు తెచ్చుకొనేవారు. రామలింగారెడ్డిగారి విద్యాభ్యాసం కూడా ఐదవ ఏట వీధిబడిలోనే ఆరంభమయింది. భారత భాగవతాల పరిచయం, తెలుగు పద్యం మీద మక్కువ ఆ చిరుప్రాయంలోనే ఏర్పడ్డాయి. ఉత్తరోత్తరా ఆయన ఎంతటి ఆంగ్ల విద్వాంసుడైనా, ఈ పునాది మాత్రం కదలలేదు.

పదేళ్ల ప్రాయంలో ఆయన చిత్తూరు బోర్డు హైస్కూలులో చేరారు. కట్టమంచికి, ఆ పాఠశాలకు మధ్య దూరం ఎంతో లేదు. కాని ఆ కొద్ది దూరంలోనే ఒక లోకం మారిపోయేది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇంట ఏరువాక, పంట, చెరువు నీళ్ల వంతులు. బడిలో ఇంగ్లండు రాజుల చరిత్ర, యూరపు భూగోళం. ఫస్టు ఫారం నుండి సిక్స్తు ఫారం వరకు ఆరు మెట్లు. చివరిమెట్టు మద్రాసు విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషను పరీక్ష. పల్లెల నుండి వచ్చిన పిల్లలలో అనేకులు నడుమనే ఆగిపోయేవారు. జీతం కట్టలేక కొందరు, ఇంటి సేద్యానికి చేతులు చాలక కొందరు, పరభాషలో చెప్పిన పాఠం బుర్రకెక్కక మరి కొందరు బడి మానేవారు. తెలివి లేక మానినవారు బహు తక్కువ.

ఈ విషయాన్ని అంకెలలో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 1901 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ఐదుగురికి కాస్త పైన మాత్రమే. స్త్రీలలోనైతే నూటికి ఒక్కరు కూడా లేరు. అటువంటి కాలంలో ఒక బాలుడు హైస్కూలు గడప త్రొక్కడమే అదృష్టం. రామలింగారెడ్డిగారు ఆ అదృష్టాన్ని వృథా చేసుకొనలేదు. ప్రతి తరగతిలోను ప్రథముడుగా నిలుస్తూ మెట్రిక్యులేషను ముగించి, పై చదువుకై మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆ కళాశాల అప్పుడు మద్రాసు నగరం నడిబొడ్డున ఉండేది. తాంబరానికి తరలినది 1937లో. విద్యావేత్తగా ప్రసిద్ధికెక్కిన విలియం మిల్లరు దొరగారు ఆనాడు ప్రిన్సిపాలు. తెలుగు పండితులు సమర్థి రంగయ్యసెట్టిగారు. ఇంగ్లీషు చదువు ఎంత లోతుగా సాగినా విద్యార్థులు మాతృభాషను మరువరాదని అక్కడ ఆంధ్ర భాషాభిరంజని సంఘం ఒకటి నడిచేది. 1899లో ఆ సంఘం కావ్యరచనకు పోటీ పెట్టినప్పుడు రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం వ్రాసి బహుమతి పొందారు. అది 1900లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లయినా నిండలేదు.

ఆ కావ్యానికి ఆయన ఎన్నుకొన్న కథావస్తువును మనం గమనించాలి. రాజులు లేరు, దేవతా స్త్రీల వర్ణనలు లేవు. అనంతపురం వద్ద బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి బసిరెడ్డి అనే రైతు ఇంటి కోడలు ముసలమ్మ తన ప్రాణాన్ని అర్పించిన కథ అది. పేరు ముసలమ్మే గాని ఆమె పడుచు ఇల్లాలు. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రలో ఈ వృత్తాంతం ఉన్నది. చెరువు తెగితే ఏమవుతుందో కరువు సీమ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. కట్టమంచి చెరువు గట్టున పెరిగిన బాలుడు, మద్రాసులో షేక్స్పియరును చదువుతూ కూడా, ఒక చెరువు కథనే కావ్యంగా వ్రాశాడు. ఆధునిక తెలుగు కావ్యానికి ఇది తొలి అడుగులలో ఒకటి అని సాహిత్య చరిత్రకారులు గౌరవిస్తున్నారు. ఒక విద్యార్థి కళాశాల పోటీకై వ్రాసిన రచన ఇంతటి స్థానం పొందడం మన వంటివారు గుర్తుంచుకొనదగిన విషయం.

చరిత్ర, తత్త్వశాస్త్రాలలో విశేష ప్రతిభతో బి.ఏ. పట్టం పొందిన పిమ్మట, 1902లో భారత ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో ఆయన ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెంట్ జాన్స్ కళాశాలలో చేరారు. అక్కడి విద్యార్థుల వాదప్రతివాద సభ ‘కేంబ్రిడ్జి యూనియన్’ పేరు మోసినది. బ్రిటిషు రాజకీయ నాయకులలో పలువురు మాట నేర్చుకొన్నది ఆ వేదిక మీదనే. అట్టి సభకు 1905లో రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. చిత్తూరు హైస్కూలులో ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన కుర్రవాడు ఆ భాష పుట్టినింటనే వక్తగా మన్నన పొందాడన్నమాట.

స్వదేశానికి వచ్చిన తరువాత కొంతకాలం బరోడా కళాశాలలో పనిచేసి, పిమ్మట మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైనారు. క్రమంగా ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగాను, మైసూరు సంస్థాన విద్యాశాఖకు అధిపతిగాను ఎదిగారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడంలో ఆయన కృషి ఉన్నది. మనం మొదట వేసుకొన్న ప్రశ్నకు సమాధానం దొరికేది ఇక్కడనే. విద్యాశాఖాధిపతికి సుఖంగా కాలం గడపడం కష్టం కాదు. కాని ఆయన తన అధికారాన్ని బడి తలుపులు తెరవడానికి వినియోగించారు. అంటరానివారని సంఘం దూరంగా ఉంచిన కులాల పిల్లలకు సర్కారు పాఠశాలలలో అందరితో పాటు ప్రవేశం కల్పించడానికి పూనుకొన్నారు. గ్రామాలలో అక్షరాస్యత వ్యాప్తికి పాటుపడ్డారు. పూర్వాచారపరుల నుండి ప్రతిఘటన వచ్చినా వెనుదీయలేదు. ప్రతి తరగతిలో మొదట నిలిచినవాడు, తరగతిలో కూర్చొనే హక్కే లేని పిల్లలను తలచుకొన్నాడు. ఆయన ప్రథమ శ్రేణికి అసలైన సార్థకత అప్పుడే కలిగిందని నా అభిప్రాయం.

1921లో ఆ ఉద్యోగాన్ని వదలి రాజకీయాలలో ప్రవేశించారు. మద్రాసు శాసనసభలో ఆయన వాగ్ధాటి ప్రఖ్యాతమైనది. జస్టిస్ పార్టీలో ఉండి కూడా, ఆ పార్టీ మంత్రివర్గపు తీరు నచ్చనప్పుడు విడివడి, 1923లో పానగల్లు రాజావారి ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. తీర్మానం నెగ్గలేదు. అయినా తాను నమ్మిన మాటను సభలో చెప్పడానికి ఆయన జంకలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమైనప్పుడు రామలింగారెడ్డిగారే ప్రథమ ఉపాధ్యక్షులు. మొదట బెజవాడలో ఉన్న ఆ విద్యాలయం తరువాత వాల్తేరు సముద్రతీరాన స్థిరపడింది. గురుశిష్యుల అధ్యయనం కలిసి తేజరిల్లాలనే ఉపనిషద్వాక్యాన్ని విశ్వవిద్యాలయ చిహ్నానికి ఎంపిక చేసినవారు ఆయనే. 1930లో సత్యాగ్రహోద్యమాన్ని ఆంగ్ల ప్రభుత్వం అణచివేసిన తీరుకు నిరసనగా ఆ ఉన్నత పదవికి రాజీనామా ఇచ్చారు. ఆయన స్థానంలో 1931లో వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణిలో పుట్టి, తిరుపతి మిషను పాఠశాలలో చదివిన రాధాకృష్ణన్‌గారు కూడా ఈ ఉత్తర ఆర్కాటు సీమ బిడ్డయే. ఒకే విశ్వవిద్యాలయ పీఠాన్ని ఈ చుట్టుపక్కల బడులలో చదివిన ఇద్దరు వరుసగా అలంకరించడం మన ప్రాంతానికి గర్వకారణం.

1936లో రామలింగారెడ్డిగారు మరల ఉపాధ్యక్షులై 1949 వరకు కొనసాగారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వాల్తేరు విడిచి గుంటూరుకు తరలవలసి వచ్చినప్పటికీ విశ్వవిద్యాలయాన్ని చెదరనీయక నిలిపారు. 1942లో ప్రభుత్వం వారికి ‘సర్’ బిరుదమిచ్చింది. ఒకప్పుడు ప్రభుత్వాన్ని నిరసించి పదవి వదలినవారు ఈ బిరుదం పుచ్చుకొనడం తగునా అని అడిగేవారు ఉండవచ్చు. మహనీయుల జీవితాలు పాఠ్యపుస్తకంలోని సరళరేఖల వంటివి కావు. ఆయన విద్యాసేవను బట్టి మనం తూకం వేయడమే న్యాయం.

మరొక చిత్రం ఉన్నది. ఆయన నిర్మించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో మన రాయలసీమ నిలువలేదు. ఇక్కడి కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం క్రిందనే ఉండిపోయాయి. ఆయన సొంత జిల్లాలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలసినది 1954లో. అప్పటికి మూడేళ్ల ముందే, 1951 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన కన్నుమూశారు. బ్రహ్మచారిగానే జీవితం గడిపిన ఆయనకు శిష్యకోటియే సంతానం. ఏలూరులో 1945లో నెలకొన్న కళాశాల నేటికీ ఆయన పేరుతో నడుస్తున్నది.

ఆయన భాషాసేవను గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలిగినవారు అర్థశాస్త్రాన్ని తెలుగులో వ్రాశారు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించి, పింగళి సూరన కావ్యాన్ని ఆధారంగా చేసుకొని తెలుగులో ఆధునిక విమర్శకు దారి తీశారు. దానిపై పండితులలో పెద్ద దుమారమే రేగింది. శాస్త్ర విషయాలు మన భాషలలో చెప్పడం సాధ్యమా అని పలువురు సందేహించిన కాలమది. అదే దశాబ్దంలో, 1918లో, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైంది. అక్కడ ఉర్దూ, ఇక్కడ తెలుగు. రెండు చోట్లా రుజువైన సత్యం ఒక్కటే: మన ఇంటి భాష ఏ విద్యకూ చాలనిది కాదు. ఉర్దూ, తెలుగు రెండు కండ్లుగా గల మన కళాశాల వంటి సంస్థకు ఈ సత్యం మరింత దగ్గరిది.

నేడు మన ప్రాంతపు ముఖచిత్రం మారింది. సత్యవేడు, వరదయ్యపాళెం పొలాల నడుమ శ్రీ సిటీ వెలసింది. దేశదేశాల కర్మాగారాలు మన ఊళ్ల ప్రక్కకే వచ్చాయి. పల్లె హైస్కూలులో చదివిన పిల్లలకు, బాలురకే కాక బాలికలకు కూడా, అక్కడ పనులు దొరుకుతున్నాయి. ఇది సంతోషించదగిన మార్పు. అయినా ఉదయం బస్సుకై పరుగెత్తే పల్లె విద్యార్థికి, ఇంటి భాష ఒకటి బడి భాష ఒకటి అయి తికమకపడే బాలికకు, జీతం కట్టలేక నడుమ మానదలచిన మిత్రునికి ఎదురయ్యే కష్టం నూట ముప్పై ఏళ్ల నాటి కట్టమంచి పిల్లల కష్టానికి పూర్తిగా వేరైనది కాదు.

కనుక ఫలితాలు వెలువడిన రోజున మన పేరు పై వరుసలో ఉంటే సంతోషిద్దాం. మన సాటివాడు ఒకడు ఆ పట్టికలోనికే రాక ఎందుకు ఆగిపోయాడో కూడా ఒక్క క్షణం విచారిద్దాం. చేతనైతే మన పాత పుస్తకం ఒకటి, మన సాయంకాలం ఒక గంట అతనికి ఇద్దాం. కట్టమంచి చెరువు గట్టు మీదుగా బడికి నడిచిన ఆ బాలునికి మనం ఇవ్వగల గౌరవం అదే.