ఉత్కంఠా శిల్పి ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్

గ్రంథాలయమునుండి డిటెక్టివ్ నవలను తీసికొనిపోయిన చందాదారుడు దాని చివరి పుట చినిగియుండుట చూచినచో ఎంతయో ఖిన్నుడగును. హంతకుడెవడో తెలియనిచో చదివిన శ్రమయంతయు వృథా. ఆ పుటను ముందే చదివినను మిగిలిన కథ చప్పబడును. అట్టి నవలలకు ప్రాణమంతయు ఒక్క రహస్యముననే యుండును. ఆ రహస్యమును నడుమనే బయటపెట్టియు ప్రేక్షకుని కుర్చీనుండి కదలనీయని చిత్రకథలను కూర్చవచ్చునని చూపినవాడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్.

ఆయన 1899 ఆగస్టు 13వ తేదీన లండను నగరపు అంచుననున్న లేటన్‌స్టన్‌లో జన్మించెను. తండ్రి విలియం కూరగాయలును కోళ్లును అమ్ము వర్తకుడు. తల్లి ఎమ్మా. వారిది కాథలిక్కు కుటుంబము. పసితనమున ఏదో చిన్న తప్పు చేయగా తండ్రి ఒక చీటి వ్రాసి చేతికిచ్చి పోలీసు ఠాణాకు పంపెననియు, అచ్చటి ఉద్యోగి ఆ చీటి చదివి తన్ను కొన్ని నిమిషములు కొట్టులో పెట్టి తాళము వేసెననియు హిచ్‌కాక్ పెద్దవాడైన పిదప పలుమార్లు చెప్పెను. కథలల్లువాడు తన బాల్యమును గూర్చి చెప్పినదంతయు నమ్మి తీరవలసిన పనిలేదు. అయినను, చేయని నేరమునకు చిక్కి పారిపోవు నిర్దోషి ఆయన చిత్రములలో మరల మరల కానవచ్చుట నిజము.

జెసూట్ గురువుల పాఠశాలలో చదివెను. 1914లో తండ్రి గతించెను. ఆ కాలముననే హెన్లీ అను విద్యుత్తంతుల కంపెనీలో అంచనాలు కట్టు గుమాస్తాగా చేరి, తరువాత ప్రకటనల శాఖకు మారెను. ఏ పనికి ఎంత సరకు పట్టునో ముందే లెక్కగట్టి కాగితముపై పెట్టు అలవాటు అచ్చటనే అబ్బెననుకొనుట తప్పు కాదు. 1919లో ఆ కంపెనీ పత్రికలో ఆయన ఒక చిన్న కథ వ్రాసెను. పారిస్ నగరమున దుండగులు ఒక స్త్రీని పట్టి నదిలో త్రోయుదురు. అంతలో ఆమె కన్నులు తెరచును. అదియంతయు పంటి వైద్యుని కుర్చీలో మత్తుమందు వలన కలిగిన కల! కడపటి వాక్యముతో పాఠకుని ఉలికిపాటునకు గురిచేయుటయే అప్పటికి ఆయన ఎరిగిన విద్య.

లండనులోని ఇస్లింగ్టన్‌లో ఒక అమెరికను సంస్థ స్టూడియో తెరవగా, మూకీ చిత్రములలో వచ్చు అక్షరాల అట్టలకు బొమ్మలు గీయు పనిలో ప్రవేశించెను. క్రమముగా రచన, కళ, సహాయ దర్శకత్వము అన్నియు నేర్చెను. ఎడిటింగు తెలిసిన ఆల్మా రెవిల్ అచ్చటనే పరిచితురాలయ్యెను. ఆమె ఆయనకన్న ఒక్కదినము చిన్నది. 1926 డిసెంబరులో వారికి వివాహమయ్యెను. నాటినుండి ఆమె చూడని చిత్రకథ ఆయన చేతులలో లేదన్నను చెల్లును.

1927లో ప్రజలు చూచిన 'ది లాడ్జర్' చిత్రముతో ఆయన పేరు మ్రోగెను. అద్దెకు దిగిన యువకుడు హంతకుడేమోయని ఇంటివారికి అనుమానము. మూకీలో అడుగుల చప్పుడు వినిపించుటెట్లు? దళసరి గాజుతో నేల కట్టించి, యువకుడు మేడపై అటునిటు తిరుగుచుండగా క్రిందినుండి అతని పాదములను చిత్రించెను. క్రింది యింటివారి భయమును ప్రేక్షకుడు కంటితోనే వినెను.

ఉలికిపాటు వేరు, ఉత్కంఠ వేరు అనునది ఆయన సిద్ధాంతమునకు మూలము. ఇద్దరు బల్లకడ కూర్చుండి ఏదో మాటాడుకొనుచుందురు. హఠాత్తుగా బల్ల క్రింద బాంబు ప్రేలును. చూచువాడు క్షణకాలము ఉలికిపడును. అట్లుగాక, బాంబు ఉన్నదని ప్రేక్షకునకు ముందే చూపి, గోడ గడియారమును గూడ చూపినచో, ఆ పిచ్చాపాటి మాటలే ప్రాణసంకటములగును. తిక్కన సోమయాజి విరాటపర్వమును చదివినవారికి ఈ మర్మము క్రొత్త కాదు. కీచకుడు సింగారించుకొని నర్తనశాలకు బయలుదేరునప్పుడు చీకటిలో కాచియున్నది భీముడని మనకు తెలియును, వానికి తెలియదు. వాని ప్రతి మురిపెమును మనకు వణుకు పుట్టించును.

ఈ సూత్రమును కనుగొన్నవాడే ఒకసారి దానివలన దెబ్బతినెను. 1936 నాటి 'సాబొటేజ్'లో ఒక బాలుడు తన చేతి మూటలో బాంబున్నదని ఎరుగక బస్సులో పోవుచుండును. దారిలో ఆలస్యముమీద ఆలస్యము. కడకు బాంబు ప్రేలి బాలుడు మరణించును. ప్రేక్షకులు ఆగ్రహించిరి. అంతసేపు గుండెలు చిక్కబట్టుకొన్నవారికి ఊరట కలిగింపకపోవుట తన తప్పేయని ఆయన తరువాత ఒప్పుకొనెను.

1939లో అమెరికాకు వలసపోయెను. మరుసటి యేట వచ్చిన 'రెబెకా' ఉత్తమ చిత్రముగా ఆస్కారు పొందెను. ఆయన కూర్పునకు నిండైన ఉదాహరణము మాత్రము 1946 నాటి 'నొటోరియస్'. రచయిత బెన్ హెక్ట్. నాయిక గూఢచారిణిగా శత్రువునే పెండ్లాడి, అతని మద్యపు కొట్టు తాళపుచెవిని దొంగిలించును. ఆ రాత్రి ఇంట విందు. కెమెరా పైకప్పు ఎత్తునుండి జనసమూహము మీదుగా దిగి దిగి ఆమె పిడికిటిలోని తాళపుచెవికడ నిలుచును. ఇంతకన్న గొప్పది తరువాతి యూహ. విందులో షాంపేను సీసాలు ఒక్కొక్కటిగా తరుగుచుండును. అవి అయిపోయినచో భర్త కొట్టునకు రాక తప్పదు. అచ్చట ఆమెయు సహచరుడును వెదకుచున్నారు. కొట్టులోని సీసాలలో దాచినది యురేనియం ఖనిజమైనను వజ్రములైనను కథకు ఒక్కటే. అట్టి వస్తువునకు ఆయన 'మెక్‌గఫిన్' అను వింతపేరు వాడెను. పాత్రలకు అది ప్రాణము, ప్రేక్షకునకు నెపము.

రచయితను వారముల తరబడి ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలతోనే కథ నడుపుట ఆయన పద్ధతి. పిమ్మట చిత్రకథ, ఆ పైన ఘట్టములకు బొమ్మలు. కాగితముపై ముగిసిననాడే చిత్రము ముగిసినట్లని చెప్పెడివాడు. ఇందు కొంత డంబము కలదు. షూటింగులోను ఆయన చాల మార్పులు చేసెనని తరువాతి పరిశోధకులు చూపిరి.

ఆయన సిద్ధాంతమునకు అసలైన పరీక్ష 1958లో 'వెర్టిగో'తో వచ్చెను. ఉద్యోగము విడిచిన పోలీసు ఒకడు. ఎత్తున నిలిచినచో అతనికి కన్నులు తిరుగును. మిత్రుడు తన భార్యను కనిపెట్టియుండుమని నియోగింపగా, ఆమెను వెంబడించుచు ప్రేమలో పడును. ఆమె చర్చి గోపురము మీదినుండి పడి మరణించును. కొంతకాలమునకు అచ్చముగా ఆమెను పోలిన యువతి అతనికి వీధిలో కనబడును. ఈమె యెవరు? కథకు మూలమైన ఫ్రెంచి నవలలో ఆ గుట్టు చివరకుగాని విడదు. హిచ్‌కాక్ మాత్రము ఇద్దరును ఒక్కతెయేననియు, గోపురమునుండి పడినది వేరొకతెయనియు, ఇంకను చాల కథ మిగిలియుండగనే ప్రేక్షకునకు తెలిపెను. నాయకునకు తెలియదు. ఆమె యెవరన్న ప్రశ్న పోయి, నిజము తెలిసిననాడు అతడేమగునన్న ప్రశ్న వచ్చెను. కొందరు సహచరులు దీనికి అడ్డుచెప్పిరి. ఆయనయు తటపటాయించెను. విడుదలకు ముందు ఆ ఘట్టమును తీసివేయుటయు, మరల చేర్చుటయు జరిగెను. నాటి విమర్శకులలో పలువురు పెదవి విరిచిరి. చాలకాలము ఆ చిత్రము ప్రదర్శనలో లేక, ఆయన మరణానంతరమే మరల బయటకు వచ్చెను. 2012లో బ్రిటిషు పత్రిక 'సైట్ అండ్ సౌండ్' ప్రపంచ విమర్శకులను అడుగగా వారు దానికి ప్రథమస్థానమిచ్చిరి. 2022లో అది రెండవది.

1960 నాటి 'సైకో' కొరకు స్వంత ధనమునకు తెగించెను. వ్యయము సుమారు 8 లక్షల డాలర్లు. కథానాయికయనుకొన్న స్త్రీ సగము కథ కాకమునుపే హతురాలగును గనుక, ఆట మొదలైన పిదప ఎవరిని లోనికి రానీయరాదని థియేటర్లకు కట్టడి చేసెను. అందు ఒక చిత్రమైన ఘట్టము కలదు. శవమున్న కారు బురదగుంటలో మునుగుచు నడుమ ఆగును. అది మునిగిన బాగుండునని నేరమును ద్వేషించు ప్రేక్షకుడే కోరుకొనును. మడుగున దాగిన దుర్యోధనుని కొరకు కూడ ఇట్లే మనసు కొట్టుకొను శ్రోతలు లేకపోలేదు.

ఆయనను దోషరహితుడనుట సరికాదు. 'ది బర్డ్స్' నాయిక టిప్పీ హెడ్రెన్ తన్ను ఆయన వేధించెనని 2016లో ప్రచురించిన ఆత్మకథలో వ్రాసెను. దర్శకుని కీర్తి ఆ మాటను కప్పివేయజాలదు.

ఐదుమారులు పేరు పరిశీలనకు వచ్చినను ఉత్తమ దర్శకుడుగా ఆస్కారు దక్కలేదు. 1979లో అమెరికా చలనచిత్ర సంస్థ జీవిత సాఫల్య పురస్కారమిచ్చిన సభలో, ఎడిటరు, రచయిత్రి, కుమార్తెకు తల్లి, వంటలో దిట్ట అని నలుగురకు కృతజ్ఞత తెలిపి, ఆ నలుగురి పేరును ఆల్మా రెవిల్ అనియే చెప్పెను. గుట్టు చివరకు దాచి ఉలికిపెట్టు పాతవిద్యను ఆ రాత్రి మరల వాడెనన్నమాట.

అప్పటికి 'ది షార్ట్ నైట్' అను గూఢచారి కథను సిద్ధపరచుచుండెను. దేహము సహకరింపలేదు. 1980 ఏప్రిల్ 29న లాస్ ఏంజిలిస్‌లో మరణించెను. రెండేండ్లకు ఆల్మాయు గతించెను. ఆ కడపటి చిత్రకథ కొన్నేండ్లకు పుస్తకరూపమున వెలువడెను. ఎవరును దానిని చిత్రముగా తీయలేదు.