సర్ రొనాల్డ్ రాస్

ఒకప్పుడు నల్లమల అడవుల అంచున నున్న మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో చలిజ్వరమన్నచో జనులు భయపడెడివారు. చెడుగాలి వలన అది వచ్చునని లోకమంతయు నమ్మెను. మలేరియా యను మాటకు అర్థము గూడ చెడుగాలియే. ఆ భ్రమను తొలగించిన పరిశోధన మన సికిందరాబాదులోనే జరిగెను. దానిని చేసినవాడు రొనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. ఆయనకు కవిత్వమన్నను, గణితమన్నను మిక్కిలి ప్రీతి. అయినను తండ్రి కోరికపై వైద్యము నభ్యసించి, 1881లో భారత వైద్యశాఖలో చేరెను. మలేరియా జీవిని 1880లోనే లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమునందు కనుగొనెను. అది ఒకరినుండి మరియొకరికి ఎట్లు చేరునో మాత్రము తెలియలేదు. దోమలను పరీక్షింపుమని 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు సలహా నొసగెను.

1895లో రాస్ సికిందరాబాదు చేరెను. బయట తిరుగు దోమ అంతకుముందు ఎవరిని కుట్టినదో చెప్పజాలము. కావున ఆయన నిలువనీటిలోని దోమపురుగులను తెప్పించి సీసాలలో పెంచెను. వానికి రెక్కలు వచ్చిన పిమ్మట, దోమతెరలో పరుండిన రోగిని కుట్టనిచ్చి, ఒక్కొక్క దోమను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. దోమల అవయవములు ఎగిరిపోవునని మండువేసవిలోను పంకా విసరనీయలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టెను. రెండేండ్లు గడచినను ఫలము కానరాలేదు. ఆయన పెంచిన దోమలు మలేరియాను మోయు జాతివి కావు.

1897 ఆగస్టులో ఒక సీసానుండి మచ్చల రెక్కల దోమలు వెలువడెను. హుసేన్ ఖాన్ అను రోగి, దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని, 16వ తేదీన వానిచే కుట్టించుకొనెను. 20వ తేదీనాటికి రెండు దోమలే మిగిలెను. ఒకదానిని కోయగా, కడుపుగోడలో గుండ్రని కణములును, వానిలో మలేరియా జీవియందుండునట్టి నల్లని రేణువులును కనబడెను. మరునాడు రెండవదానిని కోయగా అవే కణములు మరింత పెద్దవై యుండెను. దోమ సీసాలో పుట్టినది గనుక అవి రోగి రక్తమునుండి వచ్చినవేయని రాస్ గ్రహించెను.

అంతలో ఆయనకు బదిలీ అయ్యెను. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుతో మరల రక్తమున ప్రవేశించునని నిరూపించెను. ఆ యేటనే ఇటలీ శాస్త్రజ్ఞులు మానవుల విషయమునను దీనిని స్థిరపరచిరి. 1902లో రాస్ నోబెల్ బహుమానము నందెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

నేటికిని ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటింతురు. వానకాలమున మన గ్రామములలో గుంటలు పూడ్చుటయు, దోమతెర కట్టుకొనుటయు ఆనాటి సీసాలలో ఓర్పుతో సాగిన శ్రమకు ఫలములే.