మంచు మీద ఆటకి గొంతు ఇచ్చిన ఫాస్టర్ హ్యూయిట్

హాకీ అంటే మనకి పచ్చిక మైదానమే గుర్తొస్తుంది. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి భారత్ ప్రపంచ కప్ గెలిచింది. దానికి ముందు సెమీఫైనల్లో మలేషియా మీద మన జట్టు వెనకబడి ఉంటే, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన అస్లం షేర్ ఖాన్ పెనాల్టీ కార్నర్‌ని గోల్ చేసి కాపాడాడు. అప్పటికి కొత్తవలసలో టీవీ లేదు. ఆ ఆట సంగతి తెలియాలంటే రేడియో పెట్టుకోవాలి, లేదా మర్నాడు పేపర్ వచ్చేదాకా ఆగాలి. జస్‌దేవ్ సింగ్ హిందీ కామెంటరీ వింటూ కళ్ళకి కనపడని ఆటని జనం చెవులతోనే చూశారు.

హాకీని ఇలా చెవులతో చూపించే పని ప్రపంచంలో చాలా ముందుగా మొదలైన చోటు కెనడా. అయితే అక్కడి హాకీ వేరు. గడ్డకట్టిన మంచు మీద, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళతో ఆడతారు. ఆ బిళ్ళ ఎంత వేగంగా పోతుందంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళకే ఒక్కోసారి కనపడదు. అలాంటి ఆటని మాటలతో చూపించి దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి ఫాస్టర్ హ్యూయిట్.

పేపర్ ఇంట్లో పుట్టిన కుర్రాడు

హ్యూయిట్ 1902 నవంబర్ 21న టొరంటోలో పుట్టారు. తండ్రి డబ్ల్యూ.ఎ. హ్యూయిట్ టొరంటో స్టార్ పత్రికలో స్పోర్ట్స్ ఎడిటర్. అలా ఆటలు, వార్తలు ఇంట్లోనే దొరికాయి. కొడుక్కి మాత్రం అప్పుడే కొత్తగా వస్తున్న రేడియో మీద పిచ్చి. 1922లో ఆ పత్రికే సీఎఫ్‌సీఏ పేరుతో సొంత రేడియో స్టేషన్ పెట్టింది. పత్రికలో చేరిన కుర్ర హ్యూయిట్‌ని ఆఫీసు వాళ్ళు 1923లో హాకీ ఆట దగ్గరికి పంపించారు.

మ్యూచువల్ స్ట్రీట్ అరీనాలో ఆయనకి దొరికింది ఒక చిన్న అద్దాల పెట్టె. చేతిలో టెలిఫోన్. అందులోకి మాట్లాడితే ఆ మాట స్టేషన్‌కి చేరి అక్కడినుంచి గాల్లోకి వెళ్ళాలి. పెట్టెలోకి గాలి రాదు. ఊపిరికి అద్దాలు మసకబారి ఆట కనపడటం మానేసేది. తుడుచుకుంటూ, చెబుతూ ఆట పూర్తి చేశారు. ఆ తర్వాత ఆయన్ని వదలకుండా పంపిస్తూనే ఉన్నారు.

ఐదో అంతస్తు లెక్క

1927లో కాన్ స్మిత్ టొరంటో జట్టుని తీసుకుని దానికి మేపుల్ లీఫ్స్ అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో చాలామంది జట్ల యజమానులకి రేడియో అంటే భయం. ఇంట్లో ఊరికే వినేస్తే టికెట్ ఎవరు కొంటారని. స్మిత్ లెక్క వేరు. విన్నవాడికి చూడాలనిపిస్తుందని నమ్మాడు. అందుకే కొత్త స్టేడియం మేపుల్ లీఫ్ గార్డెన్స్ కట్టేటప్పుడు, కామెంటరీ గది ఎక్కడ ఉండాలో హ్యూయిట్‌నే తేల్చుకోమన్నాడు.

హ్యూయిట్ ఊళ్ళో ఉన్న ఈటన్స్ షాపు వాళ్ళ పెద్ద భవనం ఎక్కారు. ఒక్కో అంతస్తులో కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద నడిచే మనుషుల్ని చూశారు. మరీ కింద ఉంటే అంతా ఒకేసారి కనపడదు, మరీ పైకెళ్తే మనుషుల్ని గుర్తుపట్టలేం. ఐదో అంతస్తు సరిగ్గా ఉందనిపించింది. ఎత్తు 56 అడుగులు. గార్డెన్స్‌లో మంచు మీద అంతే ఎత్తున గది వేలాడదీశారు. గాలి ఓడ కింద ఉండే గదిలా ఉందని దానికి గొండోలా అనే పేరు వచ్చింది. పైకప్పు కింద సన్నటి దారి మీద నడిచి అందులోకి వెళ్ళాలి. కళ్ళు తిరిగేవాళ్ళకి ఆ ఉద్యోగం కాదు.

1931 నవంబర్ 12న గార్డెన్స్ తెరిచారు. ఆ రాత్రి టొరంటో షికాగో చేతిలో 2-1తో ఓడింది. రేడియో మాత్రం గెలిచింది. 1933కల్లా ఆయన గొంతు దేశమంతటా వినపడింది. శనివారం రాత్రి హాకీ వినడం కెనడా ఇళ్ళలో ఒక అలవాటైపోయింది. అమెరికాలో వినేవాళ్ళకీ, అప్పటికి కెనడాలో కలవని న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళకీ కూడా ఆయన పేరుపెట్టి పలకరింపు చెప్పేవారు. షాట్ కొట్టడం, గోల్ పడటం రెండూ ఒకే ఊపులో చెప్పే ఆయన మాటని వీధుల్లో ఆడుకునే పిల్లలు కూడా అనేవాళ్ళు.

1933 ఏప్రిల్ 3న టొరంటో, బోస్టన్ ఆట తెగలేదు. ఆరోసారి అదనపు సమయం ఆడాల్సొచ్చింది. అదనపు ఆటే 104 నిమిషాల 46 సెకన్లు. అర్ధరాత్రి దాటి చాలాసేపయ్యాక కెన్ డొరాటీ గోల్ కొట్టాడు. అప్పటిదాకా హ్యూయిట్ చెబుతూనే ఉన్నారు.

మొదటివాడు ఎవరు?

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. హాకీని రేడియోలో మొదట చెప్పింది హ్యూయిట్ అనే చాలాకాలం అనుకున్నారు. తన మొదటి ప్రసారం 1923 మార్చి 22 అని ఆయనే చెప్పేవారు. పాత పేపర్లు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. ఆయన ఫిబ్రవరి 16నే చెప్పారు. దానికన్నా ముందు, ఫిబ్రవరి 8న అదే స్టేషన్‌లో నార్మన్ ఆల్బర్ట్ ఒక ఆట చివరి భాగం చెప్పాడు. ఇక జీతం తీసుకుని ఆడే ప్రొఫెషనల్ జట్ల ఆటని మొదటినుంచి చివరిదాకా చెప్పినవాడు పీట్ పార్కర్. 1923 మార్చి 14న రెజైనా ఊళ్ళో సీకేసీకే అనే లోకల్ స్టేషన్‌లో రెజైనా, ఎడ్మంటన్ ఆట. అది కూడా ఒక పత్రిక నడిపిన స్టేషనే.

ఎవరి హక్కు వాళ్ళకి దక్కాలి. మొదటి మాట ఆల్బర్ట్‌ది, మొదటి ప్రొఫెషనల్ ఆట పార్కర్‌ది. అయినా హ్యూయిట్ గొప్పతనం దీనితో తగ్గదు. ఒక్క రాత్రి చెప్పడం వేరు, ఏళ్ళ తరబడి అదే శ్రద్ధతో చెప్పడం వేరు. ఆయన పేరు నిలిచింది ఆ మెహనత్ వల్లే.

చివరి రోజులు

1951లో టొరంటోలోనే సొంత స్టేషన్ సీకేఎఫ్‌హెచ్ పెట్టారు. చివరి రెండక్షరాలు ఆయన పేరువే. 1952లో టీవీ వచ్చాక అందులోనూ చెప్పారు, తర్వాత ఆ కుర్చీ కొడుకు బిల్‌కి ఇచ్చారు. 1965లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1972లో సోవియట్ జట్టుతో కెనడా ఆడిన సిరీస్‌కి, దాదాపు 70 ఏళ్ళ వయసులో మళ్ళీ మైకు పట్టుకున్నారు. సెప్టెంబర్ 28న మాస్కోలో ఇంకా 34 సెకన్లు ఉందనగా పాల్ హెండర్సన్ కొట్టిన గోల్‌ని దేశం ఆయన గొంతులోనే విన్నది.

1979లో గార్డెన్స్ యజమానులు గొండోలాని ఊడదీయించి కాల్పించేశారు. 1985 ఏప్రిల్ 21న హ్యూయిట్ కన్నుమూశారు. హాకీ కామెంటేటర్లకి ఇచ్చే పెద్ద అవార్డు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన కూర్చున్న గది లేదు. అక్కడినుంచి ఆయన ఆట చూపించిన జనం మాత్రం, అందులో ఒక్క ఆట కూడా కళ్ళారా చూడనివాళ్ళు సైతం, గోల్ పడిన క్షణాన్ని చూసినట్టే చెప్పుకునేవారు.