కర్నల్ సి.కె. నాయుడు : ఆటస్థలము నుండి సైనిక పదవికి

తెలుగుదేశమునకు వెలుపల జన్మించి తెలుగువారి పేరును దేశదేశముల వినిపించిన మహనీయులలో కొఠారి కనకయ్య నాయుడుగారు అగ్రగణ్యులు. లోకము వారిని సి.కె. నాయుడుగానే యెరుగును. భారతదేశపు తొలి టెస్టు జట్టునకు వారు నాయకులైన సంగతి చాలమందికి తెలియును గాని, వారి పేరునకు ముందున్న కర్నల్ అను బిరుదు ఎట్లు వచ్చినదో తెలిసినవారు అరుదు. బడిలో గెలుచుకొన్న పతకములు సైనిక విద్యాలయ ప్రవేశమునకు ఏపాటి అక్కరకు వచ్చునని గ్రేటర్ నోయిడా వంటి ఉద్యోగుల నివాసములలో తల్లిదండ్రులు తర్కించుకొనుచున్న ఈ దినములలో ఆ వృత్తాంతము తెలిసికొనదగినది.

కొఠారివారు మచిలీపట్టణమునకు చెందిన కుటుంబము. తాతగారు నారాయణస్వామి నాయుడుగారు నాగపురమున పేరుపొందిన న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు కేంబ్రిడ్జిలో రంజిత్ సిన్హ్‌జీకి సహాధ్యాయులు. ఇట్టి యింట 1895 అక్టోబరు 31వ తేదీన కనకయ్యగారు జన్మించిరి. హిస్లాప్ కాలేజియేట్ ఉన్నత పాఠశాలలో చదువుచు చిన్ననాటనే ఆ బడి జట్టులో చేరిరి. ఆరడుగులు మించిన విగ్రహము, అలసట యెరుగని దేహము, దూరముగా పోవు దెబ్బ. ఈ మూడును బడి మైదానముననే రూపు దిద్దుకొన్నవి.

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందువుల జట్టు పక్షమున యూరోపియనులపై తొలిసారి బరిలో దిగునప్పటికి జట్టు 79 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకొని యుండెను. కనకయ్యగారు మూడు బంతులను నిదానముగా అడ్డుకొని, నాలుగవదానిని సిక్సరుగా కొట్టిరి. ఆ స్వభావము కడవరకు మారలేదు.

ఆ ఖ్యాతి ఇందూరు సంస్థానమును చేరెను. 1923లో హోల్కరు మహారాజు వారిని పిలిపించి తన సైన్యమున కెప్టెన్ పదవి నొసంగెను. కాలక్రమమున కర్నల్ హోదాయు లభించెను. పరీక్ష లేదు, ఎంపిక మండలి లేదు. సంస్థానములలో సైనిక పదవు లిచ్చుట ప్రభువు చిత్తమును బట్టి యుండెడిది. మంచి ఆటగానిని తన కొలువున నిలుపుకొనుట కది అందరెరిగిన మార్గము. దీనిని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ అన్యాయమును కాదు. ఆ పదవిని బ్యాటు తెచ్చినదే గాని ఖడ్గము తేలేదు.

ఆ కాలముననే వేరొక మార్గమును ఏర్పడుచుండెను. భారతీయ బాలురను సైనికాధికారులుగా తీర్చుటకు 1922లో డెహ్రాడూనులో రాయల్ ఇండియన్ మిలిటరీ కళాశాల నెలకొల్పబడెను. 1932 అక్టోబరులో అచ్చటనే ఇండియన్ మిలిటరీ అకాడమీ ఆరంభమాయెను. తొలి జట్టులోని నలువదిమందిలో పదునైదుగురు పోటీ పరీక్షద్వారా, పదునైదుగురు సైన్యమునుండి, పదిమంది సంస్థాన సైన్యములనుండి వచ్చిరి. అనగా సంస్థానములవారును ఇక శిక్షణ పొందియే అధికారులు కావలసిన దినములు వచ్చినవన్నమాట.

విచిత్రమేమన, ఆ 1932లోనే జూను 25న లార్డ్సు మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడెను. యాత్రా జట్టునకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన తప్పుకొనగా, ఉపనాయకుడు లింబ్డీ యువరాజు గాయపడియుండగా, నాయకత్వము నాయుడుగారికి వచ్చెను. ఫీల్డింగులో చేతికి గాయమైనను తొలి ఇన్నింగ్సులో జట్టునందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసిరి. భారతదేశము 158 పరుగుల తేడాతో ఓడినను ప్రత్యర్థులకు గౌరవము కలిగించెను. ఆ యాత్రలో వారు ప్రథమశ్రేణి ఆటలలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. మరుసటి సంవత్సరము విజ్డెన్ వారి ఉత్తమ ఆటగాండ్ర పట్టికలో చోటు పొందిరి. ఇంతకు ముందే, 1926లో బొంబాయి జిమ్‌ఖానాలో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలకంటె తక్కువ కాలములో 11 సిక్సర్లతో 153 పరుగులు చేసియుండిరి. ఆంగ్లేయుల బంతికి మనవారు భయపడనక్కరలేదని జనులు నమ్మిన దినమది.

ఊరక వచ్చిన పదవికి వారు తమ నడవడిచే విలువ తెచ్చిరి. హోల్కరు జట్టును పటాలము వలె నడపిరి. వేళ తప్పుటను, సోమరితనమును సహింపరని ప్రతీతి. ముష్తాక్ ఆలీ మొదలైన యువకులు వారి కట్టుబాటులోనే రాటుదేలిరి, తమ్ముడు సి.ఎస్. నాయుడును టెస్టు ఆటగాడే. హోల్కరు జట్టు నాలుగు మారులు రంజీ ట్రోఫీ గెలిచెను. యాబదియేండ్లు దాటిన వయసున బంతి తగిలి పండ్లు ఊడినను, వానిని ప్రక్కకు తోసి ఆట సాగించిరని క్రికెట్టువారు నేటికిని చెప్పుకొందురు. (మ్హౌ దండులో సార్జెంటు మేజరుగా నున్న డెనిస్ కాంప్టన్ 1944-45 రంజీ తుదిపోటీలో హోల్కరు పక్షమున 249 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. ఆనాడు దండునకు, మైదానమునకు నడుమ దూరము తక్కువ.)

నేడు ఆ ద్వారము మూసికొన్నది. సుప్రసిద్ధ క్రీడాకారులకు టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ పదవు లిచ్చుట కలదు. 2011లో మహేంద్రసింగ్ ధోనీకి లెఫ్టినెంట్ కర్నల్ హోదా అట్లే లభించెను. క్రీడాకారులను హవల్దారు, నాయిబ్ సుబేదారు హోదాలలో నేరుగా చేర్చుకొనుటయు కలదు. కాని ఖడక్‌వాస్లా అకాడమీలో క్రీడా పతకములకు ప్రత్యేక మార్కులు లేవు, కోటా లేదు. వ్రాత పరీక్షకు 900, సర్వీసెస్ సెలెక్షన్ బోర్డునకు 900 మార్కులు, అంతియే. జిల్లాస్థాయి పతకము గెలిచిన బాలుడు గణితమున తప్పినచో ఆ పతకము వానిని కాపాడదు.

అట్లని ఆటలు వ్యర్థములని తలంచుటయు పొరపాటే. అయిదు దినముల ఎంపికలో అభ్యర్థి పూరించు పత్రమున ఆడిన ఆటలు, వహించిన నాయకత్వము వ్రాయవలసియుండును. ఇంటర్వ్యూలో వానిపై ప్రశ్నలు తప్పవు. జట్టులో ఎన్నడును ఆడనివానికి ఆ ప్రశ్నలకు సమాధానము దొరకుట కష్టము. మూడు నిమిషములలో పది అడ్డంకులను దాటవలసిన పరీక్షలో దేహము, తోటివారితో పలకను, త్రాడును పట్టుకొని దారి వెదకు పరీక్షలో స్వభావము బయటపడును. 2022 నుండి బాలికలకును ఆ అకాడమీలో ప్రవేశము కలిగినది. నాయుడుగారు నేడు బాలుడై యుండినచో వ్రాత పరీక్ష యెట్లు ముగించెడివారో గాని, అచ్చటి మైదానమున మాత్రము వెనుకబడియుండరు.

1956లో వారికి పద్మభూషణ బిరుదము లభించెను. ఆ ఋతువున, అరువదియొకటవ యేట, ఉత్తరప్రదేశ్ జట్టు పక్షమున రంజీ ట్రోఫీ ఆడి తమ చివరి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు చేసిరి. గ్రేటర్ నోయిడా అప్పటికి పొలములు. నేడచ్చట విజయసింగ్ పథిక్ క్రీడా ప్రాంగణము కలదు. 2024 సెప్టెంబరులో ఆఫ్ఘనిస్తాన్, న్యూజిలాండ్ జట్ల టెస్టు తడిసిన నేలవలన ఒక్క బంతియైనను పడకుండ రద్దయినది ఆ మైదానముననే. కర్నల్ నాయుడుగారు 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో దివంగతులైరి. వారి పేర యువకుల జాతీయ పోటీ నేటికిని జరుగుచున్నది.