నీలి వజ్రాన్ని తీసుకుపోయిన టావెర్నియే

చల్లపల్లి: అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న సుప్రసిద్ధ 'హోప్' నీలి వజ్రానికి మూలమైన రాయిని మన దేశంలో కొని తీసుకుపోయిన వర్తకుడు జాన్ బాప్తిస్త్ టావెర్నియే. మనకు చేరువలోని బందరు రేవులో దిగినవాడే.

ఆయన 1605లో పారిస్‌లో జన్మించాడు. తండ్రి భూపటాల వ్యాపారి. 1630 మొదలు 1668 వరకు టావెర్నియే ఆరు పర్యాయాలు తూర్పు దేశాల యాత్ర చేశాడు. 1652 జులైలో బందరులో ఓడ దిగి, గండికోట వెళ్లి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు.

కృష్ణ ఒడ్డున ఉన్న పల్నాటి కొల్లూరు గనిని కూడా ఆయన చూశాడు. ఇది భట్టిప్రోలు దగ్గరి కొల్లూరు కాదు. అక్కడ 60 వేల మంది పనిచేసేవారని ఆయన గ్రంథం చెబుతోంది. మగవారు తవ్విన మట్టిని ఆడవారు, పిల్లలు మోసేవారు. దానిని కడిగి, ఆరబెట్టి, ధాన్యంలాగా చేటలతో చెరిగి రాళ్లు ఏరేవారు.

టావెర్నియే కొన్న నీలి వజ్రం సుమారు 112 పాత క్యారెట్లు. అది కొల్లూరుదేనని పలువురి విశ్వాసం. 1668లో దానిని ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. రాజు 1673లో సానపట్టించాడు. 1792లో ఫ్రెంచి విప్లవ కాలంలో అది దొంగల పాలైంది. తరువాత మరింత చిన్నదై లండనులో బయటపడింది. మిగిలింది 45.52 క్యారెట్లు. 1958లో మ్యూజియం చేరింది.

దేవుని విగ్రహం కన్ను పెరికి తెచ్చాడనీ, శాపం తగిలి టావెర్నియేను కుక్కలు చీల్చి చంపాయనీ ఒక కథ వ్యాపించింది. అది కట్టుకథ. రాజు ఆయనకు ప్రభు హోదా ఇచ్చాడు. 80 ఏళ్లు దాటాక మరో ప్రయాణంలో ఉండగా 1689లో మాస్కోలో మరణించాడు.

ఆ నీలిరంగుకూ శాపంతో పనిలేదు. వజ్రమంటే స్వచ్ఛమైన కర్బనం. భూగర్భంలో అది గట్టిపడే వేళ బోరాన్ అనే మూలకం లవలేశం కలిస్తే చాలు, ఎరుపు కాంతిని పీల్చుకొని నీలంగా కనిపిస్తుంది. కంసాలి అతుకులకు వాడే వెలిగారంలో ఉన్నది ఈ బోరానే. నత్రజని కలిస్తే పసుపు రంగు వస్తుంది. లక్షలాది రాళ్లలో నీలివి బహు అరుదు.

కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు చరిత్రకెక్కాయి. మట్టి చెరిగి ఆ రాయిని ఏరిన కూలి పేరు ఎక్కడా లేదు. పాత కొల్లూరు గని ప్రాంతం పులిచింతల జలాశయం ముంపులో చేరింది.