ఒక్క స్పీడ్ దగ్గరే వచ్చే వణుకు: హెన్రీ రాయిస్ కథ

రోల్స్ రాయిస్ అనగానే మనకి గుర్తొచ్చేది డబ్బు. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకి అక్కడున్న నిజాం గారి పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ గుర్తొస్తుంది. కానీ ఆ పేరులో రెండో సగం అయిన హెన్రీ రాయిస్ మొత్తం మీద బడికి వెళ్ళింది ఏడాది అటూ ఇటూ మాత్రమే. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం కార్ల లగ్జరీ గురించి కాదు. అప్పుడప్పుడు వచ్చి మాయమయ్యే ఒక వణుకుని ఆయన వదిలిపెట్టకుండా వెంటాడిన భాగం.

రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లాండ్‌లో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న పిండి మర నడిపేవాడు. అది దివాళా తీసింది. హెన్రీకి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. ఇక పిల్లాడు పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. ఒక పిన్ని ఏడాదికి 20 పౌండ్లు కడతానంటే 1878లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరాడు. మూడేళ్ళకి ఆవిడ దగ్గర డబ్బు అయిపోయింది, చదువూ మధ్యలో ఆగింది. తర్వాత లీడ్స్‌లో వారానికి 11 షిల్లింగులకి పని. 1884లో 20 పౌండ్లతో, ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే ఫ్రెండ్ తెచ్చిన 50 పౌండ్లతో మాంచెస్టర్‌లో చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టాడు. డైనమోలు, క్రేన్లు చేసి నిలదొక్కుకున్నాడు.

నలభై ఏళ్ళు వచ్చేసరికి వ్యాపారం తగ్గింది, ఒళ్ళూ పాడైంది. అప్పుడు డెకావిల్ అనే ఫ్రెంచ్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మంచి కారే, కానీ ఆయనకి సంతృప్తిగా అనిపించలేదు. మొత్తం విప్పి, ఒక్కో పార్టూ చూసి, ఇంతకన్నా బాగా చేయొచ్చని తనే కారు కట్టడం మొదలుపెట్టాడు. మొదటి రాయిస్ కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. నెల తర్వాత, మే 4న, మాంచెస్టర్ మిడ్‌ల్యాండ్ హోటల్‌లో చార్లెస్ రోల్స్ ఆయన్ని కలిశాడు. రోల్స్ లార్డ్ గారి అబ్బాయి, కేంబ్రిడ్జ్‌లో ఇంజినీరింగ్ చదివి లండన్‌లో కార్లు అమ్మేవాడు. రెండు సిలిండర్ల కారు అంటే కుదుపుతుందనే అనుకుంటూ ఎక్కాడు. అది అంత స్మూత్‌గా వెళ్ళేసరికి, రాయిస్ ఎన్ని చేస్తే అన్నీ నేనే అమ్ముతా అని ఒప్పుకున్నాడు.

అసలు సమస్య ఆరు సిలిండర్ల దగ్గర వచ్చింది. రాయిస్ ఒకే రెండు సిలిండర్ల బ్లాకుని తీసుకుని, అది ఒకటి పెడితే 10 హార్స్‌పవర్, రెండు పెడితే 20, మూడు పెడితే 30 అన్నట్టు ఇంజన్లు చేశాడు. మన భాషలో కోడ్ రీయూజ్ అన్నమాట. రెండింటికి బాగానే పనిచేసింది, నాలుగింటికీ పనిచేసింది. ఆరింటికి మాత్రం ఇంజన్ ఒక స్పీడ్‌కి రాగానే వణికేది. ఆ స్పీడ్ దాటితే తగ్గేది, కిందికి దిగినా తగ్గేది. కొన్ని కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ఏకంగా విరిగిపోయింది.

ఎందుకలా? క్రాంక్‌షాఫ్ట్ మన కంటికి గట్టి ఇనుప కడ్డీలా కనిపిస్తుంది, కానీ నిజానికి అదొక స్ప్రింగ్. సిలిండర్ పేలిన ప్రతిసారీ దాన్ని తడి టవల్ పిండినట్టు కొంచెం మెలితిప్పుతుంది. వెంటనే అది వెనక్కి తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆరు సిలిండర్లుంటే ఒక చుట్టుకి మూడు పేలుళ్ళు. నిమిషానికి 1000 చుట్లు అంటే సెకనుకి 50 తోపులు. షాఫ్ట్‌కి సహజంగా ఊగే వేగం ఒకటుంటుంది. తోపులు సరిగ్గా దానితో కలిస్తే, ఉయ్యాలని సమయానికి తోసినట్టు, ఊపు పెరుగుతూ పోతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీ పట్టిన రెజొనెన్స్ ఇదే. షాఫ్ట్ ఎంత పొడవుగా, సన్నగా ఉంటే ఆ ప్రమాదకరమైన స్పీడ్ అంత కిందికి, అంటే డ్రైవర్ రోజూ వాడే స్పీడ్‌లలోకి వచ్చేస్తుంది.

ఈ జబ్బు రాయిస్ ఒక్కడిదే కాదు. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల కార్లకి పేరున్న నేపియర్ కంపెనీకీ ఉంది. వాళ్ళ కార్లు అమ్మే ఎస్.ఎఫ్. ఎడ్జ్ దానికి పవర్ రాటిల్ అని పేరు పెట్టి, ఇంజన్ బలానికి గుర్తుగా చెప్పుకొచ్చాడు. బగ్ కాదు ఫీచర్ అనే డైలాగ్ మనవాళ్ళు కనిపెట్టింది కాదు అని నాకు అప్పుడే అర్థమైంది!

రాయిస్ కూడా అలా చెప్పి ఉండొచ్చు. రోల్స్-రాయిస్ లిమిటెడ్ 1906లో అప్పుడే పుట్టింది. కొత్త కంపెనీకి విరిగిన క్రాంక్‌షాఫ్ట్‌ల పేరొస్తే అక్కడితో కథ ముగిసేది. ఆయన మాత్రం రెండు పనులు చేశాడు. మొదటిది, షాఫ్ట్ ముందు కొసన ఒక చిన్న ఫ్లైవీల్ పెట్టాడు. దాన్ని బిగించేయకుండా, రాపిడితో కొంచెం జారేలా ఉంచాడు. షాఫ్ట్ నిలకడగా తిరుగుతుంటే అదీ కలిసి తిరుగుతుంది. షాఫ్ట్ ముందుకీ వెనక్కీ మెలితిరిగితే ఇది అంత త్వరగా కదలలేక జారుతుంది. ఆ రాపిడిలో వణుకు శక్తి వేడిగా మారిపోతుంది. రెండోది, కొత్త 40/50 మోడల్‌కి పాత బ్లాకులు పక్కన పడేసి, మూడేసి సిలిండర్లవి రెండు బ్లాకులు చేశాడు. షాఫ్ట్‌ని లావుగా చేసి ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టాడు. తర్వాత 1910లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇలాంటి డ్యాంపర్‌కే పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజు మన కార్లలో క్రాంక్ పుల్లీ లోపల ఉండే డ్యాంపర్ ఆ వంశానిదే.

ఆ 40/50 కార్లలో వెండి రంగు వేసిన ఒకదానికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టారు. 1907లో దాన్ని లండన్, గ్లాస్గోల మధ్య తిప్పుతూ 15,000 మైళ్ళ పరీక్ష చేశారు. 629వ మైలు దగ్గర ఒక్కసారి ఆగింది. కారణం, కుదుపులకి పెట్రోల్ కుళాయి దానంతటదే మూసుకుపోవడం! అక్కడ్నుంచి 14,371 మైళ్ళు ఇంజన్ మొరాయించలేదు.

రాయిస్ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కారు 100 కిలోమీటర్ల స్పీడ్‌లో వణికితే మెకానిక్ ముందు తేల్చుకోవాల్సింది, వణుకు దేన్ని ఫాలో అవుతోంది అని. అదే స్పీడ్‌లో గేర్ మార్చినా వణుకు అలాగే ఉంటే టైర్లు, రిమ్ములు, వీల్ బ్యాలెన్సింగ్, డ్రైవ్ షాఫ్ట్ చూడాలి. ఇంజన్ ఆర్‌పీఎంతో పాటు మారితే ఇంజన్, దాని మౌంట్‌లు చూడాలి. ఎప్పుడు వస్తుందో రాసుకోకుండా పార్టులు మార్చడం అంటే, లాగ్ చూడకుండా కోడ్ మార్చడమే.

ఇంత పట్టుదలకి రాయిస్ చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. పనిలో పడితే తిండి గుర్తుండేది కాదు, పాల గ్లాసుతో ఒక కుర్రాడిని ఆయన వెనక పంపేవారట. రోల్స్ 1910లో బోర్న్‌మత్‌లో విమానం కూలి చనిపోయాడు. మరుసటి ఏడాది రాయిస్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఆ తర్వాత ఫ్యాక్టరీకి దూరంగా, ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లాండ్ సముద్ర తీరంలోనూ ఇంటి నుంచే డిజైన్ చేశాడు. పెట్టుకున్న ప్రమాణం మాత్రం తగ్గించలేదు. ఆయన ఆర్ ఇంజన్ పెట్టిన విమానం 1931లో గంటకి 400 మైళ్ళు దాటింది.

1933 ఏప్రిల్ 22న ఆయన చనిపోయాడు. తర్వాత స్పిట్‌ఫైర్‌లకి ప్రాణమైన మెర్లిన్ ఇంజన్ అదే ఏడాది అక్టోబర్‌లో మొదటిసారి తిరిగింది, ఆయన చూడలేదు. 1930లో సర్ బిరుదు వచ్చినా, తనని తాను మెకానిక్ అనే చెప్పుకునేవాడు. డిగ్రీ చేతికొచ్చాక ఆ మాట మీద మనకి అంత గౌరవం మిగులుతుందా అన్నదే నా డౌట్.